మట్టిని మింగిన ఇల్లు

1955 వేసవి. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆదోనిలో ఒక గృహ నిర్మాణ సహకార సంఘంలో నేను ఓవర్‌సీరుగా పనిచేసేవాణ్ణి. ఓవర్‌సీరంటే ఇంజనీరుకు తక్కువ, మేస్త్రీకి ఎక్కువ. స్థలాలు కొలిచి హద్దురాళ్ళు పాతించడం, ఇంటి ప్లాన్లు సరిచూడడం, కట్టిన ఇల్లు ప్లాను ప్రకారం ఉందో లేదో తనిఖీ చేసి కమిటీకి రిపోర్టు ఇవ్వడం నా పని. ఆ రిపోర్టులో నేను రాసిన మాటను బట్టి ఒక కుటుంబం ఆ ఇంట్లో ఉండడమో, ఖాళీ చెయ్యడమో తేలేది. ఉద్యోగంలో ఎన్ని రిపోర్టులు రాశానో లెక్క లేదు గానీ, రాయడానికి మూడు రోజులు పట్టింది మాత్రం ఒక్కదానికే.

ముందే ఒప్పుకుంటాను, నాది అనుమానపు బుద్ధి. ఈ ఉద్యోగంలో అది పనికొచ్చే గుణమే. సున్నంలో ఇసుక ఎక్కువ కలిపే మేస్త్రీ, ప్లానులో కిటికీ చూపించి గోడలో ఎగ్గొట్టే యజమాని, పక్కవాడి స్థలంలోకి జానెడు జరిగిన పునాది, ఇవన్నీ చూసి చూసి, మంచినీళ్ళిచ్చినవాళ్ళను కూడా ఎందుకిస్తున్నారా అని చూడడం నాకు అలవాటైంది. "మీరు గుళ్ళో తీర్థం పుచ్చుకునేటప్పుడు కూడా వాసన చూస్తారు" అని మా ఆవిడ అనేది. నిజమే, ఒకసారి చూశాను కూడా.

ఊరికి బయట, ఎమ్మిగనూరు పోయే రోడ్డు పక్కన, జొన్నచేలనూ వాటినానుకున్న పాత కళ్ళాలనూ కొని మా సంఘం కొత్త పేట వేసింది. నక్షా గీసింది నేనే. నాలుగు వీధులు, మధ్యలో తియ్యటి నీళ్ళ బావి, చిన్న బడి, కూరగాయలమ్మేవాళ్ళకు ఒక రేకుల షెడ్డు, బస్సు ఆగే చోట కూర్చోవడానికి రాతి అరుగు. ఆ రోజుల్లో ఆదోనిలో మంచినీళ్ళకు ఎంత తిప్పలో పడ్డవాళ్ళకే తెలుసు. బావి దగ్గరి మూలస్థలం కోసం సభ్యులు కొట్టుకున్నంత పని చేశారు. చివరికి చీటీలు వేస్తే అది లక్ష్మన్నకు వచ్చింది. అంత మంచి స్థలం ఆయనకే ఎలా వచ్చిందని నాకు అప్పుడే ఒక అనుమానం. చీటీ తీసింది నేనే అయినా సరే.

లక్ష్మన్న ఎమ్మిగనూరులో నేతపనివాళ్ళ ఇంట పుట్టి, ఆదోని వచ్చి పత్తి మిల్లులో ఫిట్టరుగా చేరిన మనిషి. మాట తక్కువ. భార్య హనుమక్క. ఇద్దరు ఆడపిల్లలు. ఇల్లు పూర్తయి నేను ఆఖరి తనిఖీకి పోయినప్పుడు హనుమక్క నా వెంటే తిరిగింది.

"బాయి ఇరవై అడుగులు, బడి నలభై అడుగులు సార్. నేనే కొలిసినా" అంది. "ఎమ్మిగనూర్లో మగ్గం గుంత పక్కన పండుకొని లేసినోళ్ళం. ఆడ బడి దూరమని నా బిడ్డల్ని పంపలేకపోయినాం. ఈడ సదువుకుంటారు."

ఆమె లెక్క సరైనదేనా అని టేపు వేసి చూసుకున్నాను. సరిగ్గానే ఉంది.

ఏడాది తిరక్కుండానే ఆఫీసుకు ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. 'లక్ష్మన్న ఇంట్లో గుంత తవ్వుతాండారు. మిట్టమధ్యాన్నం అందరూ తలుపులేసుకున్నప్పుడు ఆయమ్మ గుడ్డ కప్పిన గంపలు మోస్తాంటాది. సారా బట్టీ పెడతాండారని మా అనుమానం. మీరు సూడకుంటే పైకి రాస్తాం' అని ఉంది. అప్పుడు మద్యనిషేధం అమల్లో ఉంది. మా సంఘం నిబంధన కూడా గట్టిది. ఇంటిని కాపురానికి తప్ప వాడకూడదు, అనుమతి లేకుండా ఇంటి అడుగున తవ్వకూడదు. తప్పితే కేటాయింపు రద్దు. అంటే లక్ష్మన్న కుటుంబం మూట సర్దుకుని మళ్ళీ మగ్గం గుంత పక్కకు పోవాల్సిందే.

మర్నాడే మా చైన్‌మన్ దావీదును వెంటబెట్టుకుని పోయాను. కొలత గొలుసు పట్టే మనిషిని చైన్‌మన్ అంటాం. దావీదుది గోనెగండ్ల పక్కన పల్లె, కూలి చేసుకు బతికిన కుటుంబం. నాకంటే పదేళ్ళు పెద్ద. హనుమక్క వంటింటి పక్క నడవలో కూర్చుని తిరగలి తిప్పుతోంది.

"లక్ష్మన్న లేడా అమ్మా?"

"మిల్లుకు పోయినాడు సార్. కూర్సోండి."

కూర్చోండి అందే గానీ తను లేవలేదు. పెరడు చూశాను, కట్టెల చాటు చూశాను, పొయ్యి చూశాను. కొత్తగా తీసిన మట్టి పిడికెడైనా కనబడలేదు. తవ్వే ఇంటి దగ్గర మట్టి ఉండి తీరాలి. గుంతలోంచి తీసిన మట్టి వదులై, మళ్ళీ ఆ గుంతలో పట్టనంత అవుతుంది. మా లైనులో అది మొదటి పాఠం.

తిరిగొస్తూ బడి వెనక్కు పోయాను. రోడ్డు వేసేటప్పుడు తీసిన మట్టిని అక్కడ కుప్ప పోయించాం. మెజర్‌మెంట్ బుక్కులో, అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకంలో, ఆ కుప్ప పొడవు వెడల్పులు నా చేతిరాతతోనే ఉన్నాయి. టేపు పట్టి చూస్తే మూడోవంతు తక్కువ. కుప్ప వెనక భాగం గంపతో ఎత్తుకుపోయినట్టు గుంటలు గుంటలుగా ఉంది.

అప్పుడు తట్టింది. గంపలు బయటికి పోవడం లేదు, లోపలికి వస్తున్నాయి. ఆ ఇల్లు మట్టిని మింగుతోంది. ఇక నా బుర్ర ఊరుకుంటుందా? ఇంట్లో దొంగగోడ కడుతున్నారు, దాని వెనక రహస్యపు గది పెడుతున్నారు అనుకున్నాను. రాత్రంతా ఆ గది నా కళ్ళముందే ఉంది.

రెండు రోజుల తర్వాత మళ్ళీ పోయి ఇల్లంతా కొలిచాను. లోపలి కొలతలకు గోడల మందం కలిపితే బయటి కొలత రావాలి. రాకపోతే మధ్యలో ఎక్కడో దొంగ ఖాళీ ఉన్నట్టు. అంగుళం తేడా లేకుండా వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. హనుమక్క అదే నడవలో, అదే చోట, తిరగలి తిప్పుతూనే ఉంది. ఎందుకో ఆమె చేతులవైపు చూశాను. తిరగలి చుట్టూ పిండి లేదు. పక్కన చాటలో గింజ లేదు. ఆమె ఉత్త తిరగలి తిప్పుతోంది.

బయటికి వచ్చేశాను. దావీదు నా మొహం చూసి, "ఇడిసిపెట్టండి సార్, సంసారులు పాపం" అన్నాడు. వీడికి ఎన్ని గ్లాసుల మజ్జిగ ముట్టిందో అనుకున్నాను. ఆ సాయంత్రమే రిపోర్టు రాయడం మొదలుపెట్టాను. 'ఇంటి లోపల అనుమతి లేని పని జరుగుచున్నది, కేటాయింపు రద్దు చేయదగును' అని. కమిటీ సమావేశం ఇంకా వారముంది. ఈలోగా కళ్ళారా చూసిన రుజువు ఒకటి కావాలి.

మిల్లు సెలవు రోజు చూసుకుని, సరిగ్గా మిట్టమధ్యాహ్నం పోయాం. వీధిలో పురుగు లేదు. బడి వెనకనుంచి హనుమక్క గంప నెత్తిన పెట్టుకుని వస్తూ మాకు ఎదురుపడింది. గుడ్డ తీయించాను. మట్టి.

"ఇదెందుకమ్మా?"

"అలుకుదామని సార్."

"రోజూనా?"

లోపలికి పోయి తిరగలి పక్కకు జరపమన్నాను. నడవలో ఉన్న లక్ష్మన్న లేచి నిలబడి, "సార్, ఒక మాట ఇనండి" అన్నాడు. తర్వాత వింటానన్నాను. తిరగలి జరిపితే దాని కింద చాప, చాప కింద మిగతా నేలబండలకు కలవని ఒక గుండ్రటి బండ. దావీదు చేత గడ్డపారతో ఎత్తించాను.

కింద కుండ మూతి లాంటి చీకటి రంధ్రం. మనిషి దిగేంత వెడల్పు. అందులోంచి పులిసిన కంపు గుప్పున కొట్టింది. సారా కోసం నానేసిన బెల్లం ఊటకు ఇలాంటి వాసనే ఉంటుందని విన్నాను. దొరికారు అనుకున్నాను. నిజం చెప్పాలంటే సంతోషించాను.

"దావీదూ, దిగి చూడు" అన్నాను. గోడకు ఆనించిన నిచ్చెన నేనే దింపాను.

దావీదు కదల్లేదు. "నేను దిగను సార్. మూత తీసిన ఎంటనే దిగగూడదు. ఒక పూటన్నా గాలి పోనీల్ల."

వీడూ వీళ్ళతో కలిశాడు, ఒక పూట ఆగితే లోపలి సరుకు మాయం చేసేస్తారు అనుకున్నాను. పంట్లాం పైకి మడిచి, నిచ్చెన మీద మూడో మెట్టు దాకా దిగాను. నడుము దాకా లోపలే ఉన్నాను. అప్పుడు వెనకనుంచి ఎవరో నా చొక్కా కాలరు పట్టి ఒక్క గుంజు గుంజారు. గుండీలు తెగి, ఆ నేలమీదే వెల్లకిలా పడ్డాను.

హనుమక్క. అంతదాకా సార్, సార్ అన్న మనిషి, "దిగొద్దప్పా, సస్తావ్" అంది.

ఆఫీసరు మీద చెయ్యి చేసుకున్నావు, నీ ఇల్లు ఈ పూటే సీలు వేయిస్తానని ఏవేవో అరిచాను. ఆమె పట్టించుకోలేదు. లాంతరు వెలిగించి, చేదతాడుకు కట్టి, మెల్లగా రంధ్రంలోకి వదిలింది. రెండు బారలు దిగేసరికి మంట ముడుచుకుని, నీలమై, ఆరిపోయింది. పైకి లాగి మళ్ళీ వెలిగించి వదిలింది. మళ్ళీ అక్కడికే ఆరిపోయింది.

"సూసినావా? దీపం బతకని సోట మనిషి బతుకుతాడా?"

అరవడం ఆపి లేచి కూర్చున్నాను. దావీదు నా పక్కన గొంతుకూర్చున్నాడు.

"మా సిన్నాయన ఇట్లే పోయినాడు సార్. జొన్నలు తీద్దామని పాతర మూత ఎత్తినాడు, దిగినాడు. ఆయన్ని తీద్దామని ఇంకొకాయప్ప దిగినాడు. ఇద్దరూ పైకి రాలేదు."

పాతర అన్న మాట నేను వినకపోలేదు. కానీ చూడడం అదే మొదలు. మాది కృష్ణ ఒడ్డు. రెండు గజాలు తవ్వితే నీళ్ళు పడే నేల. మా ధాన్యం గాదెల్లో, పురుల్లో, నేలకు పైనే ఉంటుంది. ఈ వైపు నేల పొడి. రైతులు కళ్ళం పక్కనే సన్నటి మూతి, వెడల్పు కడుపు ఉండేలా గుంత తవ్వి, చుట్టూ జొన్న చొప్ప పరిచి, గింజ పోసి, మీద బండ వేసి మట్టి కప్పేస్తారు. ఏళ్ళతరబడి చెడకుండా ఉంటుంది. తీసేటప్పుడు మాత్రం మూత తెరిచి, గాలి పోయేదాకా ఆగి, దీపం దింపి చూసి గాని మనిషి దిగడు. లక్ష్మన్న ఇంటి కింద ఉన్నది ఎవరో వదిలేసిన పాత పాతర. అందులో చొప్ప తడిసి కుళ్ళి, చెడుగాలి నిండింది.

"పోయిన వానల్లో ఈడ నేల కుంగినాది సార్" అన్నాడు లక్ష్మన్న. "బండ తీసి సూస్తే ఇది. అప్పట్నించి పైనుంచి మట్టి పోస్తాండాం. లోపల దిగి దిమ్మిస కొడితే గట్టిగా కూర్సుంటాది. ఈమె నన్ను దిగనీలేదు."

"ఆఫీసులో చెప్పొచ్చు కదా?"

దానికి హనుమక్క జవాబు చెప్పింది. "సెప్తే ఏం రాస్తారు సార్? ఇల్లు పనికిరాదు, ఖాళీ సేయండి అని రాస్తారు. మీరొచ్చిన మొదటిరోజే సెప్దామనుకున్యా. మీ మొగం సూసి సెప్పలేకపోయినా. అందుకే దానిమీద కూర్సొని ఉత్త రాయి తిప్పినా." మళ్ళీ తనే అడిగింది. "ఇవి కళ్ళాలని అందరికీ తెల్సు. ఈడ పాతరలుంటాయని కళ్ళాలమ్మినోళ్ళకు తెల్సు. నక్షా గీసేటప్పుడు మీరు ఎవర్నీ అడగలేదా సార్?"

అడగలేదు. లేచి వచ్చేశాను.

ఆఫీసులో సంఘం కొన్న భూముల పాత పటం తీశాను. కళ్ళాల భాగంలో ఎవరో పాత సర్వేయరు సిరాతో చిన్న చిన్న సున్నాలు చుట్టి ఉన్నాడు. ఏడు. వాటిని నేను ముందే చూశాను. చెట్ల గుర్తులనుకున్నాను. అక్కడ చెట్లు లేవు కాబట్టి ఎప్పుడో కొట్టేసి ఉంటారనుకుని, నా నక్షాలో ఎక్కించకుండా వదిలేశాను. నా నక్షా ట్రేసింగు, అంటే పల్చటి గుడ్డ మీద గీసిన నకలు, ఆ పటం మీద పరిచాను. ఒక సున్నా లక్ష్మన్న నడవలో పడింది. రెండు వీధిలో, ఒకటి కూరగాయల షెడ్డు కింద. మూడు బడి ఆవరణలో. పిల్లలు దుమికే చోటు.

కమిటీ ప్రెసిడెంటు రిటైరైన ప్లీడరు. సంగతి చెప్పాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నాడు.

"పాతరలు పూడ్పిద్దాం, అది వేరే సంగతి. రిపోర్టులో మాత్రం నీ పేరెందుకు? వాళ్ళు అనుమతి లేకుండా ఇంటి అడుగున పని చేశారా లేదా? దాచారా లేదా? అంతే రాయి. అబద్ధం రాయమనడం లేదుగా."

నిజంగానే అందులో అబద్ధం లేదు. నేను సగం రాసి ఉంచిన రిపోర్టులో ప్రతి మాటా నిలబడుతుంది. నా ఉద్యోగానికి మచ్చ రాదు. ఆ కుటుంబం ఇల్లు వదిలిపోతుంది. మూడు రోజులు ఆ కాగితాన్ని సొరుగులోంచి తీయడం, మళ్ళీ పెట్టడం.

ఆ మూడు రోజులూ ఇంకో కాపలా కూడా కాశాను. హనుమక్క ఊరంతా చెబుతుందని ఎదురుచూశాను. ఓవర్‌సీరు చావబోతే కాలరు పట్టి లాగానని చెబితే ఎవరికైనా జాలి పుడుతుంది. కనీసం నాతోనైనా అంటుంది, నీ ప్రాణం కాపాడాను, నా ఇల్లు నిలబెట్టు అని. నేనైతే అనేవాణ్ణి. మూడోరోజు బావి దగ్గర ఎదురుపడింది. నన్ను చూసింది. బిందె చంకనేసుకుని పోయింది. దావీదును అడిగాను, ఆమె ఎవరితోనైనా చెప్పిందా అని. "ఎందుకు సెప్తాది సార్? పడిపోయేటోన్ని పట్టుకుంటే సెప్పుకుంటారా?" అన్నాడు. నాకు తలెత్తలేనంత సిగ్గేసింది.

ఆ మధ్యాహ్నమే పాత కాగితం చించి కొత్తది రాశాను. పాతర ఇంటికంటే ముందునుంచీ ఉన్నదనీ, పాత పటంలో గుర్తులున్నా విచారించకుండా వదిలేసిన తప్పు నాదనీ, ఇల్లు కాపురానికి పనికొస్తుందనీ, సంఘమే తన ఖర్చుతో ఏడు పాతరలూ పూడ్పించాలనీ రాశాను. తీసుకుని వాళ్ళింటికే పోయాను.

హనుమక్క గడప దిగలేదు. "సదవండి" అంది. చదివాను. అంతా విని, చెయ్యి చాపి కాగితం అడిగింది. ఇచ్చాను. దాన్ని పట్టుకుని బడికి నడిచింది. నేను వెనకే పోయాను. పంతులమ్మ చేతిలో పెట్టి, "అమ్మా, ఈ సారు సదివి ఇనిపించినాడు. అదే ఉండాదా, ఇంకేమన్నా ఉండాదా సూడు" అంది.

నేను పక్కనే నిలబడి ఉండగా నా రాతను ఇంకొకరి చేత తనిఖీ చేయించింది. నాకు కోపం రావాల్సింది. రాలేదు. పంతులమ్మ మొదటినుంచి చివరిదాకా చదివి, "అదే ఉందమ్మా. తప్పు తనదేనని రాసుకున్నారు" అంది.

హనుమక్క కాగితం నాకు తిరిగి ఇస్తూ అంది. "ఒకటి తప్పు రాసినారు సార్."

"ఏది?"

"సభ్యుడు లక్ష్మన్న గంపలతో మట్టి తెచ్చి పోసినాడని ఉండాది. ఆయప్ప మిల్లులో ఉంటే మట్టి యాడ మోస్తాడు? మోసింది నేను."

సంఘం కాగితాల్లో ఇంటి పని ఏదైనా సభ్యుడి పేరుమీదే రాయడం అలవాటు. ఆమె గంప మోస్తుంటే నా కళ్ళతో చూశాను, గుడ్డ తీయించింది నేనే. అయినా చెయ్యి దానంతటదే ఆయన పేరు రాసేసింది. పంతులమ్మ దగ్గర కలం అడిగి, అక్కడే బల్ల మీద పెట్టి, కొట్టేసి, హనుమక్క అని రాశాను. పక్కన పొడి సంతకం పెట్టాను. ఆమె పంతులమ్మ వైపు చూసింది. పంతులమ్మ తల ఊపాక గాని ఇంటికి పోలేదు.

కమిటీ నాకు మందలింపు రాసి సర్వీసు రిజిస్టరులో చేర్చింది. పాతరలు ఏడూ తెరిపించి, గాలి పోనిచ్చి, దావీదు దీపం దింపి సరే అన్నాక, రాళ్ళూ మొరమూ వేసి దిమ్మిస కొట్టించాం. లక్ష్మన్న ఇంట్లో నేలబండలు మళ్ళీ పరిచారు. పిల్లలు ఆ బడిలోనే చదివారు. ఉత్తరం రాసిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. చాలామందిని అనుమానించాను.

ఆ తర్వాత ఎమ్మిగనూరులో, ఇంకా చాలా ఊళ్ళలో పనిచేశాను. ఏ ఇంటి గురించి రిపోర్టు రాసినా, ఆ ఇంటి గడప దగ్గర నిలబడి చదివి వినిపించాకే సంతకం పెట్టాను. మా పై అధికారులకు అది నచ్చేది కాదు. విన్నవాళ్ళలో కొందరు నన్ను తిట్టారు, ఒకాయన కాగితం లాక్కుని చించేశాడు కూడా. కానీ దాదాపు ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు, ఎక్కువసార్లు ఆడవాళ్ళు, "ఒకటి తప్పు రాసినారు" అనేవాళ్ళు. చూసుకుంటే తప్పే ఉండేది.